విగ్గులో గూడు

ఆ కొండ మీద ఏదీ ఒక పట్టాన ఆరదు. ఉతికిన చొక్కా ముక్కిపోతుంది, అగ్గిపుల్ల సైతం గీస్తే అలుగుతుంది. అలాంటి చోట అడవి బంగళా కాపలాదారు తన విగ్గుకి తలంటు పోసి వెనక వరండాలో మేకుకి తగిలించాడు. ముసురు తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే అందులో ఓ పిట్ట కాపురం పెట్టేసింది, రెండు గుడ్లతో సహా.

బొటనవేలంత పిట్ట. పిట్ట కొంచెం కూత ఘనం అన్నమాట దాన్ని చూసే పుట్టి ఉంటుంది. దానికోసమే పక్షుల పరిశోధకురాలు ఒకావిడ ఏటా వచ్చి బంగళాలో దిగేది. పొద్దస్తమానం జలగలతో కరిపించుకుంటూ తిరిగినా దాని గూడు మాత్రం ఆవిడ కంటబడలేదు. ఆవిడంటే మనవాడికి ప్రాణం. తన ఉంగరాల జుట్టు చూసే ఆవిడ నవ్వుతూ పలకరిస్తోందని గట్టి నమ్మకం. అందుకే ఈ ఏడు ఆవిడ వచ్చినప్పట్నించీ నెత్తికి తువ్వాలు చుట్టుకుని, వెనక వరండాకి పోనివ్వకుండా అడ్డం పడుతున్నాడు. పాచి అన్నాడు, పాములన్నాడు, చివరికి తేనెటీగలన్నాడు.

ఇన్ని అబద్ధాలాడినవాడికి గూడు తీసి అవతల పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు. ఒకసారి చెయ్యి చాపితే, అద్దె సరిగ్గా కట్టేవాళ్ళు ఇంటివాడి వంక చూసినట్టు చూసింది తల్లి పిట్ట.

ఇంతలో ఆవిడ పెట్టె సర్దేసింది. గూడు దొరకలేదు కనక ఈ పనే మానేస్తాననీ, ఇక కొండెక్కననీ వంటింట్లో చెప్పింది. బంగళాలో వంట చేసేది కాపలాదారు అక్కే. అక్క వచ్చి తమ్ముడి ముందు గిన్నె ఠపీమని పెట్టింది.

"ఒరేయ్, గుండుతో ఆవిడ ఎదట నిలబడతావా, విగ్గు పెట్టుకుని ఇక్కడ ఒంటరిగా తగలడతావా?"

మనవాడు గిన్నె పక్కకి నెట్టి లేచి, పరిశోధకురాల్ని వెనక వరండాకి తీసుకెళ్ళాడు.

గూడు చూసి ఆవిడ ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకున్నాక దగ్గరకెళ్ళి పరీక్షగా చూసి, ఇంత ఒత్తుగా ఉన్నాయి, ఏ జంతువు వెంట్రుకలివని అడిగింది. ఎలుగుబంటివా అంది.

కాపలాదారు తువ్వాలు విప్పాడు. "నావేనండి. అంటే, కొనుక్కున్నవి."

ఆవిడ అతని తల వంక చూసింది, గూడు వంక చూసింది, మళ్ళీ తల వంక చూసింది. మనవాడికి అక్కణ్ణించే లోయలోకి దూకేద్దామనిపించింది.

"ఆ తువ్వాలు చూసి తలకి పెద్ద దెబ్బేదో తగిలిందనుకున్నాను. నాకు నిద్ర పడితే ఒట్టు," అంది ఆవిడ. పెట్టె విప్పేస్తాననీ, పిల్లలు ఎగిరేదాకా ఆ విగ్గుని ముట్టుకోవద్దనీ చెప్పింది.

"ఎగిరిపోయాకో?" అన్నాడు.

"అప్పుడూ వద్దు. వచ్చే ఏడాది పిట్ట ఎక్కడికొస్తుంది? నేనెక్కడికి రావాలి?"