పియానో ఆగిన చోట

వర్నా హామ్ శాండ్‌విచ్‌ల అంచులు కోస్తుండగానే ముందుగదిలోంచి మొగుడు హోబర్ట్ కేక వేశాడు. "వర్నా! ఆ పళ్ళెం అక్కడ పడేసి పియానో దగ్గరికి రా. బొమ్మ మొదలెట్టాలి."

ఆదివారం వచ్చిందంటే గ్లెండేల్‌లోని ఆ ఇంట్లో ఇదే తంతు. హోబర్ట్ పాత హాలీవుడ్ మూకీ బొమ్మలు తెప్పిస్తాడు. స్నేహితులు చేరతారు. నలభై ఏళ్ళనాటి బొమ్మ ఇవాళ్టికి నిలబడుతుందా లేదా అని చేతులెత్తి తేలుస్తారు. వాళ్ళకి వండిపెట్టేది వర్నా, బొమ్మకి తగ్గట్టు పియానో వాయించేది వర్నా. చెయ్యెత్తే హక్కు మాత్రం లేదు. "నువ్వు వాయిద్యానివోయ్, ప్రేక్షకురాలివి కాదు" అని మొగుడు ఎప్పుడో అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది, సిగ్గులేకుండా.

ఇవాళ వెనక కుర్చీలో కూతురు లెనోర్ ఉంది. మండుటెండల్లో పొడుగు చేతుల చొక్కా. దాని కింద మొగుడు డ్వైట్ వేళ్ళ గుర్తులు. పెట్టె పట్టుకుని వచ్చేసిన పిల్లని ఒక్కమాటైనా అడక్కుండా హోబర్ట్ అల్లుడికి ఫోను చేసేశాడు. "బొమ్మ అయ్యే వేళకి వచ్చి తీసుకుపో అబ్బాయ్." పెళ్ళాంతో, "ఇవన్నీ మామూలే. మన మధ్య జరగలేదా?" అన్నాడు.

జరిగాయి. అందుకే వర్నా వంటింట్లోకి పోయి రొట్టె కోసింది.

పుట్టింటికి పారిపోయిన పెళ్ళాన్ని మొగుడు జుట్టు పట్టుకుని వీధి వెంట ఈడ్చుకుపోయే హాస్యం ఇవాళ్టి బొమ్మ. ఏటా ఆడేదే. అక్కడ గెంతులేసే పాట వాయించాలి. ఆవిడ కిందపడ్డప్పుడల్లా పియానో పైమెట్ల మీద టింగుమని ఒక దెబ్బ. ఆ టింగుకే అందరూ పొట్ట పట్టుకుంటారు. ఇన్నేళ్ళూ నవ్వించింది తెర మీది మగాడు కాదు, తన వేళ్ళు! ఈ సంగతి ఇవాళ, వెనక కూతురు ఊపిరి బిగబట్టాక తెలిసింది.

వర్నా మెట్ల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గదిలో బొమ్మ ఆడించే యంత్రం గరగర తప్ప మరేం లేదు. తెర మీద ఆవిడ నోరు తెరుచుకుంది. అరుస్తోంది. ఎప్పుడూ అరుస్తూనే ఉంది. గ్రోవర్ అనే పెద్దమనిషి అలవాటుగా ఒక నవ్వు నవ్వి, తన నవ్వు తనకే వినబడి ఆగిపోయాడు.

"వాయించవేం?" హోబర్ట్ పళ్ళ మధ్యనుంచి గదిమాడు.

వాయించలేదు. బొమ్మ అయిపోయి దీపాలు వెలిగాయి.

"నిలబడుతుందనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు హోబర్ట్.

ఒక్క చెయ్యీ లేవలేదు. "ఏటా నవ్వేవాణ్ణే... ఇవాళ చూడలేకపోయాను హోబర్ట్" అన్నాడు గ్రోవర్, కాఫీ కప్పులోకి చూస్తూ.

"మా ఆవిడ చెడగొట్టింది!"

బయట కారు హారను మోగింది. లెనోర్ ఎవరూ చెప్పకుండానే లేచి పెట్టె అందుకుంది. వర్నా పియానో మూత దించింది, వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది, కూతురి చేతిలోంచి పెట్టె లాక్కుంది.

"హోబర్ట్, కిటికీలోంచి నీ అల్లుడికి చెప్పు. ఈ ఇంట్లో ఆ బొమ్మ ఇక ఆడదు."