కదలని కప్పు

"జల్లెడ ఎక్కడ పెట్టావోయ్?" అని అడగడానికి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను చీకటి గదిలో ఉన్నాను. ఫోన్ బల్ల మీదుంది. అది గుర్రుమంది, బల్ల వణికింది, నా మొదటి ప్లేటు కాస్తా పోయింది. జల్లెడేమో ఆయన కళ్లెదురుగానే మేకుకి వేలాడుతోంది.

హోలోగ్రామ్ చెయ్యడమంటే ఒక వస్తువు నుంచి వచ్చే వెలుగుని గాజు ప్లేటు మీద పట్టి ఉంచడం. తర్వాత ఆ ప్లేటుని దీపం కింద పెడితే, వస్తువు లేకపోయినా గాజు వెనకాల ఉన్నట్టే కనిపిస్తుంది. తల అటు వంచి చూస్తే దాని పక్క కూడా కనిపిస్తుంది. కాకపోతే లేజర్ వెలుగు పడుతున్నంతసేపూ వెంట్రుకవాసి కదలిక ఉండకూడదు. కుర్చీ జరిపినా అంతే సంగతులు, ప్లేటు ఖాళీ.

నేను కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. లెక్చరర్‌గారికి కుదరక ఈ శిక్షణకి నన్ను పంపారు. "హోలోగ్రామ్‌ల కోసం కొత్త బల్ల కొంటున్నాం. నీ ప్లేటు వస్తే ఆ బల్ల నీదేనమ్మా. రాకపోతే లెక్చరర్‌గారే చూసుకుంటారు. ఎలాగూ తుడవడానికి నువ్వుంటావుగా," అని నవ్వారు ప్రిన్సిపాల్. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఎవరెవరి ప్రయోగాలకో వైర్లు సర్దిపెట్టాను. ఆ బల్ల నాకు కావాలి.

రెండో ప్లేటుకి ఫోన్ బయటే వదిలేశాను. నేర్పించే మేడం మెల్లగా చెప్పింది. "అట్ట ఎత్తి లేజర్‌కి అడ్డంగా పట్టుకోండి. బల్ల కుదుటపడ్డాక పక్కకి తీసి వెలుగు పడనివ్వండి. అంతసేపూ ఇంకేం చెయ్యకూడదు." సరేనన్నాను. కుడిచేత్తో అట్ట పట్టుకున్నాను. వెలుగు పడుతుండగా చూసుకుంటే, నా ఎడమచెయ్యి నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కొంగుతో బల్ల అంచు తుడుస్తోంది!

"ఏం చేస్తున్నారమ్మా?" అంది మేడం.

"దుమ్ము..."

"ఈ చీకట్లో దుమ్మెలా కనిపించింది తల్లీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఏడుపొచ్చింది. ఇక మిగిలింది ఒక్క ప్లేటు, అదీ మర్నాడే.

ఇంటికెళ్లి చెబితే మా ఆయన పడీపడీ నవ్వాడు. "నిన్ను కదలకుండా నిలబడమన్నారా? పాపం, వాళ్లకి నీ సంగతి తెలీదు!" ఆయన మంచివాడు, నేనంటే ప్రాణం. ఇంటికొచ్చిన వాళ్లందరికీ "మా ఆవిడ కాలు ఒకచోట నిలవదండీ" అని చెప్పి మురిసిపోతాడు. ఆ మురిపెమే నన్ను ఇన్నాళ్లూ బొంగరంలా తిప్పింది. పొగిడిన ప్రతిసారీ లేచి ఇంకో పని ముగించాను. ఆయన కసురుకునే మనిషైతే ఎప్పుడో తిరగబడేదాన్నేమో. "నువ్వు లేకపోతే నాకేదీ దొరకదోయ్" అని గారాలు పోయే మనిషి మీద ఏమని తిరగబడను? పైగా ఆ మాటకి నాకూ లోపల ఎంత గర్వమో! ఆయనకి ఏదైనా దొరికేస్తే నేనెందుకనిపించేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగా అనిపించేది.

పొద్దున్నే అత్తయ్య పిలిచింది. మోకాళ్లు అరిగిపోయి ఆవిడ మకాం కుర్చీలోకి మారి చాలా కాలమైంది. చెవి విరిగినా పారెయ్యనివ్వని తన తెల్ల పింగాణీ కప్పు నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్లు. ఇది కదలదు. ఇక కదలకుండా ఉండాల్సింది నువ్వే. కూర్చో ఇక్కడ."

"అత్తయ్యా, పొయ్యి మీద పాలు..."

"వాడున్నాడుగా."

"పొంగిపోతాయి."

"పొంగనీ."

పొంగాయి. మాడు వాసన వచ్చింది. వంటింట్లోంచి "అయ్యయ్యో, గుడ్డేదీ?" అన్నాడాయన. నేను పిడికిళ్లు బిగించి కూర్చున్నాను. అత్తయ్య నా మోకాలి మీద చెయ్యేసింది. "మోకాళ్లు పోయాక గానీ నాకు కూర్చోవడం రాలేదమ్మాయ్. నువ్వు కాళ్లున్నప్పుడే నేర్చుకో."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ కూర్చోవడం రోగమొచ్చాకే కదా మేమంతా చూసింది. అంతకుముందు ఆవిడ పనిచేస్తుంటే ఆ కుర్చీలో ఎవరెవరు కూర్చునేవారో!

ఆ రోజు చీకటి గదిలో కప్పుని జిగురుతో అంటించి, ప్లేటు నిలబెట్టి, అట్ట ఎత్తి ఆగాను. దుమ్ము గుర్తొచ్చింది, ఉండనీ అనుకున్నాను. పాలు గుర్తొచ్చాయి. పొంగనీ! అట్ట తీశాను. ఎడమచెయ్యి నా పక్కనే బుద్ధిగా వేలాడింది. ప్లేటు కడిగి ఆరబెట్టి దీపం కింద పెట్టగానే గాజు వెనకాల అత్తయ్య కప్పు నిలబడి ఉంది, విరిగిన చెవితో సహా.

"వచ్చిందే!" అని నేను అరిచిన అరుపుకి పక్క గదిలో ఎవరి ప్లేటు పోయిందో ఏమో.

ఇంటికొచ్చి దీపం కింద పెట్టి చూపిస్తే మా ఆయన గాజు వెనక చెయ్యి పెట్టి కప్పు కోసం తడిమాడు. "అమ్మ దొంగా! ఇది ఎలా చేశావోయ్?"

"కదలకుండా ఉన్నాను."

ఆయన ప్లేటుని జాగ్రత్తగా అత్తయ్య చేతికిచ్చాడు. "అయితే ఇవాళ టీ నాది. నీ బల్ల వచ్చినందుకు," అని వంటింట్లోకి వెళ్లాడు. నేను అత్తయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"టీ పొడి ఎక్కడుందోయ్?"

నా నోరు తెరుచుకుంది, నడుము లేవబోయింది. అత్తయ్య నా వైపు చూడనైనా లేదు. నేను నోరు మూసుకుని, కాళ్లు చాపి, కుర్చీలో వెనక్కి వాలాను.

డబ్బాల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత, "దొరికింది!" అన్నాడు.