ఒకే జడ్జి, ఇద్దరు తోడికోడళ్లు

డాక్టర్లకే కాదు, జడ్జీలకూ హస్తవాసి ఉంటుందని రామాంజినమ్మ గట్టి నమ్మకం. మరిది వెంకటరాముడి బెయిలు కొట్టేసిన జడ్జి చెయ్యి మంచిది కాదని, మొగుడు గోవిందప్ప కాగితాలు ఆ చేతిలో పడకూడదని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. అందుకే లాయరు కృపాకుమారి, ఈ కేసులో ఇంకెవరైనా బెయిలు అడిగారా అంటే, ఎవరూ అడగలేదని తొణక్కుండా చెప్పింది.

కేసు యాడికి ఊరికి అవతల జయరాం బోరు తొట్టి దగ్గర పుట్టింది. గొర్రెలకు నీళ్లు తాపనివ్వలేదని మాటామాటా పెరిగింది. రాయి ఒకటి లేచి తగిలి జయరాం తల పగిలింది. అక్కడున్న అన్నదమ్ములిద్దరినీ తీసుకెళ్లి జైల్లో పెట్టారు. ఆ రాయి మీ ఆయనే వేశాడని తోడికోడళ్లు ఒకరినొకరు తిట్టుకుని, ఉమ్మడి దొడ్డికి నడుమ కంప అడ్డం వేసి మందను పంచుకున్నారు. గొర్రెలకు మాత్రం ఈ తగువు ఎక్కలేదు. కంప సందుల్లోంచి తలలు దూర్చి అటువాటిని ఇటు పిలుస్తూనే ఉన్నాయి.

గొర్రెలు ఈనే కాలం దగ్గర పడింది. మందను మేపుతూ, మేతలో ఈనిన పిల్లల్ని మోసుకుంటూ రామాంజినమ్మ ఒక్కతే నెట్టుకురాలేదు. గోవిందప్ప త్వరగా బయటికి రాకపోతే మందను తెగనమ్ముకోవడమే.

కాగితాలు మొదట ఆమె కోరుకున్నట్టే వేరే జడ్జి దగ్గరికి వెళ్లాయి. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ప్రభుత్వ లాయరు లేచి తమ్ముడి సంగతి చెప్పాడు. ఒకే కేసులో బెయిళ్లన్నీ ఒకే జడ్జి వినాలట, ఒకరు ఇచ్చి ఒకరు కాదంటే కోర్టుకు రెండు నాలుకలున్నట్టవుతుందట. కాగితాలు పాత జడ్జి దగ్గరికే వెళ్లాయి. కృపాకుమారి చూసిన చూపుకు రామాంజినమ్మకు తలెత్తబుద్ధి కాలేదు.

పాత జడ్జి గొంతు పెంచే మనిషి కాదు. తమ్ముడి కాగితం కూడా తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"తమ్ముడు అన్న మీద చెబుతాడు, అన్న తమ్ముడి మీద చెబుతాడు. ఇద్దరు జడ్జీల దగ్గరైతే రెండూ చెల్లేవేమో. నేను ఒక్కణ్ణే కదమ్మా?" అన్నాడు కృపాకుమారితో.

జయరాం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశాడు కాబట్టి తమ్ముడు మళ్లీ అడగవచ్చని, సోమవారం ఇద్దరివీ కలిపి వింటానని చెప్పి పక్కన పెట్టాడు.

బస్సులో రామాంజినమ్మ ముందు జడ్జిని తిట్టుకుంది, తర్వాత లాయరును తిట్టుకుంది. ఊరు దగ్గరికొచ్చేసరికి తిట్టడానికి తాను తప్ప ఎవరూ మిగల్లేదు. జైల్లో ములాఖత్‌కు వెళ్లిన రోజే గోవిందప్ప ఆమెకు నిజం చెప్పాడు మరి. ఇంటికి కూడా పోకుండా నేరుగా దొడ్డికి నడిచింది. కంప అవతల తోడికోడలు ఓబులమ్మ గొర్రెలకు నీళ్లు పోస్తోంది.

"ఓబులమ్మా, రాయి ఏసింది మా ఇంటాయనే. తెలిసే కాగితంలో నీ మొగుని మీద రాపిచ్చినా."

ఓబులమ్మ బిందె దించింది.

"మా ఇంటాయన గూడా ఏసినాడంట అక్కా," అంది. "ఎవురి రాయి తగిలిందో ఆళ్లకే తెలీదు. నేనూ తెలిసే రాపిచ్చినా."

ఇద్దరూ కలిసి కంప లాగేశారు. ముళ్లు గుచ్చుకుంటున్నా ఎవరూ ఆగలేదు. మర్నాడు కలిసే అనంతపురం బస్సెక్కారు. అన్నదమ్ములిద్దరి కాగితాలూ కృపాకుమారే రాసింది, ఒకరి మీద ఒకరి మాట లేకుండా.

సోమవారం జడ్జి రెండూ చదివాడు. జయరాం తొట్టి వైపు వెళ్లకూడదని ఇద్దరికీ ఒకే షరతు పెట్టి, ఇద్దరికీ బెయిలిచ్చాడు.

బయటికొచ్చాక ఓబులమ్మకు నవ్వొచ్చింది. "ఈయప్ప చెయ్యి మంచిది కాదంటివే అక్కా?"

"చెయ్యి బాగానే ఉండాది మే," అంది రామాంజినమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మన నోర్లే బాగలేకపాయ."