డబ్బాలో సున్నా

నేను ఒక రేకు డబ్బాను. నోరు తెరుచుకుని ఆకాశం కింద నిలబడటమే నా ఉద్యోగం. పడిన వాన నా గరాటులోంచి లోపలి సీసాలోకి దిగుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాస్తారు. జనం నన్ను వానడబ్బా అంటారు.

విశాఖపట్నంలో ఒక షెడ్డులో నన్ను చేశారు. మొదట మైదానంలో ఒక సర్కారు కచేరీ వెనక పాతారు. అక్కడి గుమస్తా మాఘం నుంచి వైశాఖం దాకా సున్నాలన్నీ ఒకేరోజు రాసేసేవాడు. మధ్యలో వాన పడినా రిజిస్టరు తడవలేదు. ఆ కచేరీ కూల్చాక నన్ను కొండమీద కొర్రా బొంజుబాబు పెరటికి మార్చారు.

బొంజుబాబు సున్నాను కూడా చూసి రాసే మనిషి. దిగువ నుంచి అతనికి ఫోన్లు వచ్చేవి. ఎక్కువగా చేసేది బమ్మిడి తౌడమ్మ. మా కొండ మీద పడిన వానంతా దిగే ఏటిలో నీళ్లు తగ్గాక ఆమె ఇసకలో గుంటలు తీసి పుచ్చపాదులు పెడుతుంది. కాయ కోతకొచ్చేది ఫాల్గుణంలో. కొండ నెత్తిన మబ్బు కనిపిస్తే, "బొంజుబాబూ, డబ్బా ఏటంతంది?" అని అడిగేది. అతను చెప్పిన అంకెను బట్టి ఇసకలో ఉండటమో, గట్టెక్కడమో. తొమ్మిదేళ్లు నా అంకె తప్పలేదు.

నా పక్కన ఇప్పచెట్టు ఉంది. చెట్టు దగ్గర నన్ను పాతకూడదు. కానీ పాతినవాళ్లకు నీడ కావలసి వచ్చింది. ఫాల్గుణంలో పూలు నా గరాటులో రాలి కుళ్లేవి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన సీసా వాసన చూసి, "ఇక్కడ వాన కొలుస్తున్నారా, సారా కాస్తున్నారా?" అన్నాడు. ఊరంతా నవ్వింది. మరుసటి ఏడాది నుంచి పూలు రాలే రోజుల్లో బొంజుబాబు నా నోటికి పాలిథిన్ కాగితం కట్టాడు. ఫాల్గుణంలో వానేమిటిలే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

అలాంటి ఒక ఫాల్గుణంలో, ఒక మధ్యాహ్నం రెండింటికి వడగళ్లు మొదలయ్యాయి. కాగితం మీద డప్పు వాయించాయి. వెనకే వాన, గంటసేపు. లోపల నేను పొడిగా ఉన్నాను. ఆరబోసిన ఇప్పపూలు ఎత్తడానికి పరుగెత్తిన బొంజుబాబు తడిసి ముద్దయ్యాడు. వాన తెరిపిచ్చాక నా దగ్గరికి వచ్చి, కాగితం చూసి ఆగిపోయాడు. అప్పుడే ఫోను మోగింది.

"బాబూ, మీ కొండ నల్లగుంది. డబ్బా ఏటంతంది? సగం కాయ పాదుమీదే ఉండిపోనాది."

కాగితం కట్టానని చెప్పాలి. చెబితే మళ్లీ నవ్వుతారు. చొక్కా అంచు నుంచి నీళ్లు కారుతుండగా అతను సీసా తీసి చూశాడు.

"డబ్బాలో సున్నా, పెద్దమ్మా."

అది అబద్ధం కాదు. నా సిగ్గంతా అక్కడే ఉంది.

ఫోను పెట్టేసిన రెండు గంటల్లో ఏరు పొంగి వచ్చింది. పాదులు, పాక, కోసిన కాయల కుప్ప కొట్టుకుపోయాయి. తౌడమ్మ పరుగెత్తి, పడి, చెయ్యి విరగ్గొట్టుకుని గట్టెక్కింది.

పదో రోజున కట్టు చేత్తో కొండెక్కి వచ్చింది. బొంజుబాబు తలెత్తలేదు.

"డబ్బాకి మూత కట్టేను, పెద్దమ్మా. చెప్పలేకపోయాను."

ఆమె నన్ను చూసింది. తర్వాత అతన్ని.

"డబ్బాకి కట్టినావు, సరే. నీ నోటికెవుడు కట్టినాడ్రా? డబ్బానడిగినావు గానీ, నీ సొక్కానడగనేదేటి?"

ఆ సాయంత్రం అతను రిజిస్టరు తీసి, ఆ తేదీ ఎదుట సున్నా కొట్టేశాడు. 'మూత ఉంది, కొలవలేదు' అని రాసి సంతకం పెట్టాడు. అందులో కొట్టివేత అదొక్కటే.

మళ్లీ ఫాల్గుణం వచ్చింది. నా నోటికి కాగితం లేదు. అతను రోజుకు రెండుసార్లు పూలు ఏరిపారేస్తున్నాడు. తౌడమ్మ మళ్లీ పాదులు పెట్టింది. కొండ నెత్తిన మబ్బు కనిపిస్తే ఫోను చేస్తుంది.

"బొంజుబాబూ, నీ సొక్కా ఏటంతంది?"

అతను భుజం తడిమి చూసుకుని చెబుతాడు. నేను నోరు తెరుచుకుని వింటుంటాను.