అడుగు లేని పాత్ర

లెల్లావో తడి ఇసుక పూసిన చక్రం అంచుకు గాజు పాత్రను ఆనించి ఊపిరి బిగబట్టాడు. వెనక బావమరిది వస్సో చక్రం తిప్పుతున్నాడు.

దళసరి గాజును తొలిచి, గిన్నె చుట్టూ వలలాంటి అల్లికను మిగిల్చే పని అది. గిన్నెకూ వలకూ నడుమ ఆధారం బార్లీ గింజంత గాజు వంతెనలే. అక్కడ చెయ్యి వణికితే ఏడాది కష్టం చిట్లుతుంది. రైన్ నది ఒడ్డున జనమంతా బతకడానికి ఊపిరి పీలిస్తే, లెల్లావో బతుకుతెరువుకు ఊపిరి ఆపేవాడు. మీసం మొలిచిన నాటి నుంచీ అతను గాజును కోస్తున్నాడు; గాజుపొడి అతని రొమ్మును కోస్తోంది.

"ఏం బావా, దగ్గు ఇవాళ సెలవు పెట్టిందా?"

"యజమానికన్నా అదే నయంరా. అప్పుడప్పుడైనా వదుల్తుంది."

వస్సో పడీపడీ నవ్వాడు. లెల్లావో నవ్వలేదు, నవ్వితే దగ్గొస్తుంది. పోయిన చలికాలం ఒక్క దగ్గుకు ఒక పాత్ర పగిలింది. ఇంకోటి పగిలితే కొలిమికి కట్టెలు మొయ్యమన్నాడు యజమాని సోలెమ్నిస్. ఈ రొమ్ముతో కట్టెలు మొయ్యడమంటే తానే కట్టె కావడం.

మధ్యాహ్నం పెళ్ళాం లౌబా జావ తెచ్చింది. అతని మూతికి కట్టిన గుడ్డ విప్పింది. తెల్లని పొడిలో ఎర్రని మరక.

"ఏంటయ్యా ఇది?"

"యజమాని ద్రాక్షసారా పోయించాడులే."

"నీళ్ళు పొయ్యడానికే ఏడ్చేవాడు, సారా పోస్తాడా? ఇంటికి పద."

"ఒక్క అక్షరం మిగిలిందే."

పాత్ర అంచున చుట్టూ గ్రీకు అక్షరాలు. అవి అతనికి చదవడం రాదు.

"అసలేం రాయించారట?"

"తాగు, నిండుగా బతుకు అనట."

"ఎవర్ని?"

"కొనేవాణ్ణి."

లౌబా గుడ్డ ఉతికి, తడిగానే మళ్ళీ కట్టి, గట్టిగా ముడేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం చివరి వంతెన దగ్గర గొంతులో దగ్గు కదిలింది. లెల్లావో దాన్ని మింగి, ఊపిరి బిగబట్టాడు. చక్రం గీరింది. అక్షరం వెనక నుంచి వెలుగు తొంగిచూసింది. పాత్రను ఇసుక తొట్టిలోకి మెల్లగా దించాడు. అడుగు లేనిది, బల్లమీద నిలబడదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బిగబట్టిన ఊపిరి మాత్రం వదల్లేదు.

వస్సో చక్రం తిప్పుతూనే ఉన్నాడు. "ఆపమంటావా, బావా?"

వస్సో లేచి వచ్చి, బావ మూతిమీద గుడ్డను కిందికి లాగేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అతని కేక విని సోలెమ్నిస్ పరుగెత్తుకొచ్చాడు.

"పాత్ర బాగుందా?"

"బాగుంది దొరా. దానికి దగ్గు లేదుగా."

సోలెమ్నిస్ పాత్రను పొదివి పట్టుకుపోయాడు. వస్సో బావను భుజాన వేసుకుని అక్క దగ్గరికి బయలుదేరాడు. ఇసుకలో పాత్ర దిగిన గుంటలో, లౌబా వేసిన ముడి విడకుండానే, వేలాడిన తలమీంచి జారిన ఆ గుడ్డ తడిగా పడి ఉంది.