తిట్టడం మానేసిన అత్తయ్య

మా అత్తయ్య నన్ను తిట్టడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఆయన తెగ సంబరపడ్డాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

మాది కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే షాపు. ఆవిడ కత్తిరిస్తుంది, నేను కుడతాను. కుట్టు కాస్త వంకర పోతే చాలు, నా ఏడు తరాలనీ కడిగేసేది. అలాంటి మనిషి ఇప్పుడు కత్తెర పట్టుకుని బట్ట వైపు చూస్తూ కూర్చుంటోంది. తెల్లారకముందే లేచి గోడకి ఆనుకుని ఉంటోంది. నేను కావాలనే ఒక కర్టెన్ అంచు తిరగేసి కుట్టి ఆవిడ ముందు పడేశాను. "బానే ఉందిలే" అంది. చచ్చాంరా దేవుడా అనుకున్నా.

ఈ విషయంలో నేను ఆరితేరినదాన్ని మరి. నాకు బైపోలార్. ఒకప్పుడు హుషారు తలకెక్కి, అడగనివాళ్ళకి కూడా ఎర్ర మఖమల్ కర్టెన్లు కుట్టి వీధంతా పంచేశాను. ఆ తర్వాత అంతా దిగిపోయి, నెలల తరబడి మంచం వదల్లేదు. ఇప్పుడు లిథియం మింగుతూ, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుంటూ, మీ అందరిలాగే ఉన్నాను. మంచం వదలని రోజులు ఎలా మొదలవుతాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నన్ను చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం అత్తయ్యా" అంటే, "నాకేం పిచ్చా?" అంది. మా ఆయనేమో "వయసు మీద పడింది, వదిలెయ్" అన్నాడు. సరే, మీరిలా దారికి రారు అనుకున్నా.

మర్నాడు పొద్దున్నే గొంతెత్తి పాటందుకున్నా. మొహానికి పౌడరు దట్టించి, షాపుకొచ్చిన ఆవిడకి "దిండు గలీబులు ఫ్రీ!" అన్నా. మా ఆయన మొహం తెల్లబోయింది. నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని, "నాకు మళ్ళీ ఎక్కుతోంది. డాక్టరమ్మ దగ్గరికి తోడు రావా?" అన్నా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చెప్పులేసుకుంది. ఎంత తేలిగ్గా బుట్టలో పడిందో అని లోపల్లోపల మురిసిపోయా.

డాక్టరమ్మకి ముందే ఫోన్లో అంతా చెప్పి ఉంచా. "నిద్ర పడుతోందా?" అని నన్ను అడిగింది. నేను చేతులు తిప్పుతూ మొదలెట్టబోయానో లేదో, అత్తయ్య అడ్డం పడింది.

"దీని మొహం! దీనికేం లేదు, దుక్కలా ఉంది. నిజంగా ఎక్కినప్పుడు 'నాకు బాలేదు' అని ఇది ఏనాడైనా ఒప్పుకుందా? మీకే పిచ్చి అని మా మీదకి ఎగిరేది."

గాల్లో ఉన్న చేతులు దించేశా. "మరి తెలిసీ ఎందుకొచ్చావు అత్తయ్యా?"

"ఎందుకేంటే? నన్ను చూపించండి అని అడగడానికి నోరు రాక." కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "అయినా నీ మాత్ర ఒకటి నాకూ పడేస్తే పోయేదిగా?"

"అదేమన్నా పిప్పరమెంటా?" అన్నా.

డాక్టరమ్మ నవ్వింది. "ఆవిడ మందు మీకు పనికిరాదు. ముందు థైరాయిడ్ అదీ చూద్దాం. డిప్రెషనే అయితే మందిస్తాను. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. మాట్లాడుకోవడానికీ వస్తుండాలి." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

అత్తయ్య తల దించుకుంది. నా ముందు చెప్పలేకపోతోందేమో అని నేను కుర్చీలోంచి లేచాను. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వెక్కడికే? కూర్చో. నా కొడుకు వింటే తట్టుకోలేడు. నీకైతే ఇది కొత్త కాదు."

నేను కూర్చున్నాను. ఆవిడ చెప్పడం మొదలెట్టింది.