లింకు మీద రెండక్షరాలు

హిందూపురంలో బాబావలి లేతు షాపు రెండింటికి పేరుమోసింది. ఒకటి అతని పని, రెండోది అతని నోరు. పని కావలసినవాళ్లు నోటిని భరించేవాళ్లు. వేరే దారి లేదు మరి. అతను తిప్పిన పిన్ను అరిగిపోవలసిందే తప్ప విరిగిన దాఖలా లేదు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఆ పేరు మన్నుగొట్టుకుపోయింది. దానికి కారణం పెనుకొండ హరిప్రసాద్.

హరిప్రసాద్‌కు రాతిగుండ్లెక్కే పిచ్చి. కాళ్లతో ఎక్కితే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. అతను బండితో ఎక్కేవాడు. ట్రయల్స్ బండి అంటారు దాన్ని. సీటు ఉండీ లేనట్టుంటుంది. దాని ఆటలో వేగానికి విలువ లేదు, కాలు కింద పెట్టకుండా రాళ్ల మీద ఎక్కి దిగాలి, అంతే. బెంగుళూరులో ఎవడో వాడి పారేసిన విదేశీ బండిని తెచ్చుకుని పెనుకొండ గుట్ట మీద తిప్పుతుండేవాడు. దాని వెనక చక్రం చట్రాన్నీ షాకబ్జార్‌నూ కలుపుతూ జానెడు పొడవు లేని రెండు పట్టీలుంటాయి. వాటిని లింకులంటారు. గుండు మీది నుంచి బండి దూకినప్పుడు బరువంతా వాటి మీదే. బండితో వచ్చిన లింకులు మన రాళ్లకు వంకర్లు తిరిగాయి. ఇంకా గట్టివి చేసిపెట్టమని హరి బాబావలి దగ్గరికి వచ్చాడు.

బాబావలి వారం రోజులు వేరే పని ముట్టలేదు. ముందు అట్టముక్క కత్తిరించి బండికి ఆనించి చూశాడు. మంచి ఉక్కు తెప్పించాడు. బోల్టు తూట్ల చుట్టూ వెడల్పు పెంచి, బరువు పెరగకుండా నడుము దగ్గర సన్నం చేసి, మూలలన్నీ గుండ్రంగా తిప్పాడు. నునుపు చేస్తే అద్దంలా వచ్చింది. ఆఖరున షాపు ఆచారం ప్రకారం, నలుగురికీ కనపడాలని, సరిగ్గా నడుము మీద రెండు అచ్చులు పెట్టి సుత్తితో గుద్దాడు. జి, ఎస్. గౌస్‌సాబ్, వాళ్ల నాయన పేరు. ఆ రెండక్షరాలు లేకుండా నలభై ఏండ్లుగా ఆ షాపు గడప దాటి ఒక్క ముక్క బయటికి పోలేదు.

నెల తిరక్కముందే లింకు విరిగి హరి భుజం ఎముక విరిగింది. భుజం అతుక్కున్నాక రెండో జత ఇంకా మందంగా చేసి, మళ్లీ అక్షరాలు గుద్ది ఇచ్చాడు. అదీ విరిగింది. ఈసారి బండి కింద పాదం నలిగింది.

హరి కుంటుకుంటూ వచ్చి విరిగిన ముక్కలు లేతు మీద విసిరికొట్టాడు.

"ఏమప్పా, ఇదేనా నీ గట్టిదనం? ఇంకోసారైతే నా తల పగులుతుంది."

"తోలేది చేతగాక నా ఇనుము మీద పడతాండావా? ఆడలేక మద్దెల ఓడన్నిందంట నీయట్లాదే!"

"సరేలే. ధర్మవరంలో నీ తమ్ముడు షఫీ ఉండాడు. ఆయప్పతో చేపిచ్చుకుంటా."

"పో. వాడి దగ్గరికే పో! నా గడప మళ్ల తొక్కద్దు!"

హరి ఆ పేరు కావాలనే ఎత్తాడు. పుండు ఎక్కడుందో చూసి కారం పెట్టాడు. నాయన పోయినప్పుడు అన్నదమ్ములు లేతు కోసం కొట్లాడుకోలేదు, ఇంటి కోసం కొట్లాడుకోలేదు. ఆ రెండు అచ్చుల కోసం గొంతులు పట్టుకున్నారు. పెద్దోణ్ణి నేను అన్నాడు బాబావలి. నాయనకు చివరిదాకా నీళ్లు పోసింది నేను అన్నాడు షఫీ. అచ్చులు అన్న బీరువాలోకి పోయాయి, తమ్ముడు ధర్మవరం పోయి ఆటోలకూ మగ్గాలకూ సామాన్లు చేసుకుంటూ బతికాడు. ఏడేండ్లయింది. బక్రీదుకు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కోపం రెండు రోజులకు కాస్త దిగాక బాబావలి విరిగిన ముక్కలు ఎండలో పెట్టి చూశాడు. తెగిన చోటు ఒక అంచున నల్లగా ఉంది. మిగతాదంతా తెల్లగా మెరుస్తోంది. నలుపు పాత చీలిక, తెలుపు ఆ రోజు తెగినది. అంటే లింకు ఒక్క దెబ్బకు పోలేదు. దినదినం కొంచెం చీలుతూ వచ్చి చివరికి తెగింది. ఆ చీలిక ఎక్కడ పుట్టిందా అని రెండు జతలూ పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకేచోట తెగాయి. ఎస్ అక్షరం వంపులో.

నాయన కాలంలో ఈ అచ్చులు పడింది బోర్లు వేసే బండి పిన్నుల మీద, ట్రాక్టరు ఇరుసుల మీద. అవి మణికట్టంత లావు, సుత్తి గాటు వాటికి దోమకాటు. ఇది సన్నటి నడుము, రోజుకు వందసార్లు వంగి లేచేది. గట్టిగా ఉండాలని అన్ని మూలలూ గుండ్రంగా తిప్పినవాడు, తన చేత్తోనే దాని గొంతు మీద గాటు పెట్టాడు. తప్పు రాళ్లది కాదు, హరిది కాదు. ఈ మాట ఎవరికైనా చెప్పాడా? చెప్పలేదు. చెబితే బాబావలి ఎలా అవుతాడు? మింగలేక కక్కలేక ఆ ముక్కల్ని చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు.

జూలైలో ఒక ఆదివారం బెంగుళూరు క్లబ్బు ఒకటి పెనుకొండ గుట్ట కింద పోటీ పెట్టింది. బాబావలి పొద్దున్నే బస్సెక్కాడు. ఆట చూడ్డానికి పోయాడనుకునేరు. తమ్ముడు చేసిన లింకులు నలుగురిలో విరిగితే కళ్లారా చూడాలని పోయాడు. అంతే, దాచేదేముంది.

గుట్ట కింద జనం తిరణాలలా ఉన్నారు. హరి బండి పక్కన షఫీ కొత్త తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాడు. అన్నను చూడగానే గొంతు పెంచాడు.

"చూడండప్పా, హిందూపురం మేస్త్రీ వచ్చినాడు! లింకు ఎట్ల చేసేదో నేర్చుకునిపోతాడు, జాగా ఇయ్యండి!"

జనం నవ్వారు. బాబావలికి పెద్ద బేరమిచ్చే బోరుబండ్ల మల్లప్ప కూడా ఆ గుంపులోనే ఉండి నవ్వాడు. బాబావలి పళ్లు కొరుకుతూ వంగి లింకులు చూశాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. తూట్ల దగ్గర వెడల్పు, నడుము సన్నం, మూలలు గుండ్రం. ఒకే చెట్టు కాయలు కదా! నడుము మీద మాత్రం రెండక్షరాలు. జి, ఎస్. షఫీ సొంతంగా అచ్చులు కోయించుకున్నాడు. ఎస్ కొంచెం వంకరగా ఉంది కూడా.

ఆ క్షణం బాబావలి కడుపు చల్లబడింది. దొంగ అచ్చుతో నాయన పేరు కొట్టుకున్నావు కదరా, అనుభవించు అనుకున్నాడు. నోరు మూసుకుంటే చాలు. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే పది రోజులకు, ఇదీ ఆ వంపులోనే తెగుతుంది. ధర్మవరం మేస్త్రీ ముఖం ఎక్కడ పెట్టుకుంటాడో చూడొచ్చు.

హరి హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. ఎదురుగా ఉన్న గుండు రెండు నిలువుల ఎత్తు. అవతల దూకే చోట అంతా మొనరాళ్లే. నలిగిన పాదాన్ని అతను ఇంకా పూర్తిగా ఆనించడం లేదు.

ఆ పాదం చూశాక బాబావలికి నోరు మూసుకోవడం చేతకాలేదు.

"దిగు హరీ. ఆ లింకుతో పోవద్దు."

"ఓర్చుకోలేక వచ్చినాడు!" అని షఫీ అడ్డం వచ్చాడు. "నాయన పేరు నా పని మీద చూసి కడుపు మండుతాండాది నీకు!"

"మండుతాండాది! కాదన్నేది ఎవుడు? ఆ పేరే వాణ్ణి చంపుతుంది, చూడు!" బాబావలి జేబులోని ముక్కలు తీసి హరి చేతిలో పెట్టాడు. "రెండూ యాడ తెగినాయో చూడు. అక్షరం మీద. నీ తోలకం తప్పు కాదు, రాళ్లది కాదు. నా సుత్తి దెబ్బది. నేను గుద్దిన గాటు నుంచే చీలింది. నీ ఎముక ఇరిచింది నేనే."

గుంపులోంచి మల్లప్ప ముందుకొచ్చాడు.

"అంటే, నా బోరుబండి పిన్నులన్నిటి మీదా అదే గుద్దు ఉండాది కదప్పా?"

"అవి లావు పిన్నులు మల్లప్పా. వాటికేమీ కాదు."

"నీ నోటితో నువ్వే చెప్తివి కదప్పా, నీ గుద్దుకు ఇనుము ఇరుగుతుందని. ఇంక నా పని నీకొద్దులే."

హరి ముక్కల వైపు, లింకు వైపు మార్చి మార్చి చూసి బండిని పక్కకు పడుకోబెట్టాడు. బాబావలి ఎవరి పెట్టెలోదో ఆకురాయి తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. లింకులు నిన్ననే బిగించినవట, ఇంకా చీలిక పుట్టలేదు. గాటు లోతుదాకా అరగదీసి నునుపు చేస్తే సరిపోతుంది. నాయన పేరు పొడి పొడిగా రాలి అతని చేతిలో పడింది. వెనక నుంచి షఫీ అరుస్తూనే ఉన్నాడు.

"నాయన పేరు చెరిపినోడివి నువ్వు! నీ చావుకు కూడా నేను రాను!"

హరి గుండు ఎక్కాడు. అవతలికి దూకాడు. లింకు తట్టుకుంది. సాయంత్రం వరకూ ఎన్నిసార్లు దూకినా తట్టుకుంది. జనం షఫీని భుజాల మీద ఎత్తుకున్నారు. విరగని ఇనుము ఎందుకు విరగలేదో ఎవడు అడుగుతాడు? తమ్ముడి పని బాగుంటే చూడలేని అన్న అనే మాట బాబావలికి మిగిలింది. ఒకేపూట అతని బేరమూ పోయింది, పరువూ పోయింది. ఏడుపు రావలసిన చోట అతనికి కోపమే వచ్చింది.

బస్సు కోసం నడుస్తూ వెనక్కి తిరిగి చూశాడు. జనం పలచబడ్డారు. షఫీ ఒక రాతి మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. హరి కోసం అదనంగా చేసి తెచ్చిన రెండో జత లింకులు సంచిలోంచి తీసి, ఒకదాన్ని మోకాలికి ఆనించి, ఆకురాయితో బరబరా రుద్దుతున్నాడు. అడ్డంగా రుద్దుతున్నాడు.

బాబావలికి ఒళ్లు మండిపోయింది. అడ్డంగీతలు కూడా గాట్లే. అవీ చీలుతాయి. నాయన కొట్టి కొట్టి నేర్పిన ఈ ఒక్క ముక్క కూడా వీడికి ఎక్కలేదు.

"అడ్డంగా రుద్దద్దురా గాడిదా!" అని అక్కడి నుంచే అరిచాడు. "పొడుగునా! పొడుగునా రుద్దు!"

షఫీ తల తిప్పలేదు. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగి, లింకును మోకాలి మీద తిప్పి పెట్టుకుని, పొడుగునా రుద్దడం మొదలుపెట్టింది.